ర్యామ్ వోల్టేజీ పెంచితే ప్రాసెసర్‌కు ఏమవుతుంది? ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లకు అడుగడుగునా మార్గదర్శి

ఓవర్‌క్లాకింగ్, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడం, మొదలుపెట్టినవాళ్లు ప్రాసెసర్ కోర్ వోల్టేజీ దగ్గర చాలా జాగ్రత్తగా ఉంటారు. ఒక్కో మెట్టు ఎక్కిస్తూ, ఉష్ణోగ్రత చూసుకుంటూ, నలుగురినీ అడిగి ముందుకెళ్తారు. ర్యామ్ వోల్టేజీ దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త కనిపించదు. "పోతే ర్యామ్ స్టిక్కే కదా పోయేది, ఇంకోటి కొనుక్కుందాం" అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కానీ ర్యామ్‌కి ఇచ్చిన వోల్టేజీ ర్యామ్ దగ్గరే ఆగిపోదు. ఆ లైన్ల రెండో కొస ప్రాసెసర్ లోపల ఉంటుంది. ఇది మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఎందుకో మీకే అర్థమవుతుంది.

ముందు ఇది తెలుసుకోండి: మెమరీ కంట్రోలర్ ఎక్కడుంది?

కోర్ 2 డుయో రోజుల్లో ఇంటెల్ సిస్టమ్స్‌లో మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా రాకపోకలు చూసే భాగం) మదర్‌బోర్డు మీద నార్త్‌బ్రిడ్జ్ అనే వేరే చిప్‌లో ఉండేది. అప్పటి తరం డీడీఆర్2 ర్యామ్‌కి ప్రామాణిక వోల్టేజీ 1.8 అయినా 2.1, 2.2 వోల్టులు ఇచ్చి నడిపించేవాళ్లు. పోతే స్టిక్కో బోర్డో పోయేది, ప్రాసెసర్ క్షేమంగా ఉండేది. "ర్యామ్ వోల్టేజీతో ప్రాసెసర్‌కు సంబంధం లేదు" అన్న మాట అప్పటిది. ఇప్పటికీ కొందరు అదే చెబుతుంటారు.

ఏఎమ్‌డీ 2003లో అథ్లాన్ 64తో ఆ కంట్రోలర్‌ను ప్రాసెసర్ లోపలికి తెచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్‌లో అదే పని 2008 నవంబరులో మొదటి కోర్ ఐ7తో చేసింది. అప్పటికే మార్కెట్లో కోర్ 2 బోర్డుల కోసం తయారైన తర్వాతి తరం డీడీఆర్3 కిట్లు (కలిపి అమ్మే స్టిక్కుల సెట్లు) ఉన్నాయి. వాటి మీద 1.8, 1.9 వోల్టులు అని రాసి ఉండేది. అవే కొత్త ఐ7లో పెట్టి అదే వోల్టేజీ ఇస్తే దెబ్బ ప్రాసెసర్‌కే. అందుకే 1.65 వోల్టులు దాటవద్దని ఇంటెల్ చెప్పింది. కొన్ని మదర్‌బోర్డుల్లో ర్యామ్ స్లాట్లకు అడ్డంగా హెచ్చరిక స్టిక్కర్ అంటించి మరీ అమ్మేవాళ్లు. దాన్ని పీకితేగానీ ర్యామ్ పెట్టడం కుదరదు. 2015లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఈ గీత ఇంకా కిందికి దిగింది: డీడీఆర్3 స్లాట్లున్న బోర్డయినా సరే, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే వాడమన్నారు.

లోపల జరిగేది చూద్దాం. ర్యామ్ నుంచి డేటా చదివేటప్పుడు లైను మీద వోల్టేజీ పెట్టేది స్టిక్. దాన్ని అందుకునేది ప్రాసెసర్ అంచున ఉన్న చిన్న రిసీవర్ ట్రాన్సిస్టర్లు. పైగా డీడీఆర్3, డీడీఆర్4 బోర్డుల్లో స్టిక్‌కు కరెంటు ఇచ్చే సప్లైయే ప్రాసెసర్‌లో మెమరీ వైపు పిన్నులకూ వెళ్తుంది. బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) 1.35ని 1.50 చేశారంటే ప్రాసెసర్ పిన్నుల దగ్గరా 1.50 పెట్టినట్టే. ఆ ట్రాన్సిస్టర్లలో గేటు కింద ఉండే ఆక్సైడ్ పొర మందం కొన్ని నానోమీటర్లే. తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ వోల్టేజీ రోజూ పడుతుంటే ఆ పొర కొంచెం కొంచెంగా పాడవుతుంది. కరెంటు, వేడి పెరిగేకొద్దీ సన్నని లోహపు తీగల్లో పరమాణువులు చోటు మారి తీగలు బలహీనపడతాయి. పొగ రాదు, చప్పుడు రాదు. ఏడాది, రెండేళ్ల తర్వాత, నిన్నటిదాకా నడిచిన సెట్టింగ్ ఈరోజు నడవదు.

డీడీఆర్5లో పరిస్థితి కొంచెం మారింది. వోల్టేజీని తయారుచేసే చిప్ స్టిక్ మీదే ఉంటుంది. బోర్డు నుంచి 5 వోల్టులు తీసుకుని తనకు కావలసిన 1.1ని అదే చేసుకుంటుంది. ప్రాసెసర్ వైపు మెమరీ పిన్నులకు వేరే సప్లై ఉంటుంది. "అయితే ఇక భయం లేదు కదా" అని అడుగుతారు. ఆ వేరే సప్లైని ఆటోలో, అంటే బోర్డు ఇష్టానికి, వదిలేస్తే చాలా బోర్డులు దాన్ని ర్యామ్ వోల్టేజీతో పాటే పైకి తీసుకెళ్తాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

1. ఏదీ మార్చకముందు అంకెలు రాసుకోండి

బయోస్‌లో డిఫాల్ట్స్ లోడ్ చేసి, సిస్టమ్ ఆన్ చేసి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఈ అంకెలు చూసి కాగితం మీద రాయండి: ర్యామ్ వోల్టేజీ, మెమరీ కంట్రోలర్‌కు సంబంధించిన వోల్టేజీలు, ర్యామ్ ఉష్ణోగ్రత. కంట్రోలర్ వోల్టేజీని ఏఎమ్‌డీలో ఎస్ఓసీ వోల్టేజీ అంటారు. ఇంటెల్‌లో వీసీసీఎస్ఏ, పాత తరాల్లో దానితో పాటు వీసీసీఐఓ. డీడీఆర్5 ఇంటెల్ బోర్డుల్లో వీడీడీ2, వీడీడీక్యూ టీఎక్స్ కూడా కనిపిస్తాయి. రైజెన్ 7000తో వచ్చిన ఏఎమ్‌5 సాకెట్ బోర్డుల్లో వీడీడీఐఓ ఉంటుంది.

ఫోన్‌లో ఫోటో తీసుకున్నా పర్వాలేదుగానీ కాగితం మంచిది. నేను కేబినెట్ పక్క డోరు లోపలి వైపు సెల్లో టేపుతో అంటించుకుంటాను. సిస్టమ్ ఆన్ కాని రోజున అది కళ్లముందే ఉంటుంది.

2. బయోస్ అప్‌డేట్, సీమాస్ క్లియర్

బయోస్ పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి. కరెంటు పోయే వేళల్లో మాత్రం వద్దు, యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టి చేయండి. ఈ అడుగు ఎందుకు ముఖ్యమో 2023లో జరిగింది చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో రైజెన్ 7 7800ఎక్స్3డీ వంటి కొన్ని ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలి ఉబ్బిన ఫోటోలు బయటికొచ్చాయి. ఆ యూజర్లలో కొందరు చేసిందల్లా ర్యామ్ డబ్బా మీద రాసిన వేగం కోసం ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయడమే. ప్రొఫైల్ ఆన్ కాగానే బోర్డు ఎస్ఓసీ వోల్టేజీని తనంతట తానే పైకి నెట్టేసింది. తర్వాత ఏఎమ్‌డీ ఆ వోల్టేజీ 1.3 దాటకుండా కొత్త బయోస్ కోడ్‌లో కట్టడి పెట్టింది. పాత బయోస్‌తోనే నడుస్తున్న ఏఎమ్‌5 బోర్డులో ఆ కట్టడి ఉండదు. సెకండ్‌హ్యాండ్ బోర్డు కొన్నవాళ్లు ఇంటికి తెచ్చాక ముందు చేయాల్సిన పని ఇదే.

సీమాస్ క్లియర్ (బయోస్ సెట్టింగ్స్‌ను చెరిపి డిఫాల్ట్‌కు తేవడం) ఎలా చేయాలో కూడా ముందే చూసి పెట్టుకోండి. పవర్ కేబుల్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, బోర్డు మీద ఉన్న జంపర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో కలిపితే సరిపోతుంది. జంపర్ దొరక్కపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయటికి తీసి పెట్టండి.

3. ప్రొఫైల్ ఆన్ చేయండి, వెంటనే ఆటోలో ఏం మారిందో చూడండి

ఎక్స్‌ఎమ్‌పీ (ఇంటెల్‌ది) లేదా ఎక్స్‌పో (ఏఎమ్‌డీది) ప్రొఫైల్ ఆన్ చేసి, వోల్టేజీ దేన్నీ ముట్టుకోకుండా విండోస్‌లోకి వెళ్లి, మొదటి కాగితంతో పోల్చండి. చాలామంది ఇక్కడే ఆశ్చర్యపోతారు. మీరు ఒప్పుకున్నది ర్యామ్‌కి 1.35 మాత్రమే. మీకు చెప్పకుండా కంట్రోలర్ వోల్టేజీ కూడా పెరిగి ఉంటుంది. 8 నుంచి 10వ తరం ఇంటెల్ బోర్డుల్లో కొన్నింట్లో, డిఫాల్ట్‌గా 1.05 ఉండాల్సిన వీసీసీఎస్ఏ ప్రొఫైల్ ఆన్ కాగానే 1.3 దాటడం నేను కళ్లారా చూశాను. బోర్డు తయారుచేసేవాళ్ల బాధ వేరు. ఏ ర్యామ్ పెట్టినా సిస్టమ్ బూట్ కావాలి, కస్టమర్ తిరిగి రాకూడదు. అందుకని ముందుజాగ్రత్తగా ఎక్కువ ఇస్తారు. ఆ ఎక్కువను రోజంతా మోసేది మీ ప్రాసెసర్.

కాబట్టి ఆ వోల్టేజీలన్నింటినీ ఆటో నుంచి తీసి చేత్తో అంకె వేయండి. ఏఎమ్‌5కి ముందు సాకెట్ ఏఎమ్‌4లో ఎస్ఓసీకి 1.1 చాలాసార్లు సరిపోతుంది, నేను 1.2 దాటను. ఏఎమ్‌5లో 1.3 అనేది పైకప్పు, అక్కడే నిలబడాల్సిన అవసరం లేదు. 6000 వేగానికి (సెకనుకు మిలియన్ బదిలీల్లో) 1.2 దగ్గర మొదలుపెట్టి చూడండి. 8 నుంచి 10వ తరం ఇంటెల్‌లో వీసీసీఎస్ఏ, వీసీసీఐఓ రెండూ 1.25 లోపల ఉంచడానికి ప్రయత్నించండి. కంట్రోలర్ వోల్టేజీ మరీ ఎక్కువైనా కొన్నిసార్లు ఎర్రర్లు వస్తాయి. పెంచితే ఎప్పుడూ మంచిదే అనుకోకండి.

నా దృష్టిలో ఈ మొత్తం మార్గదర్శిలో ఒక్క అడుగే చేసే ఓపిక ఉంటే, ఈ మూడోది చేయండి.

4. మీ ర్యామ్ హద్దు ఎంత?

డీడీఆర్3: ప్రామాణికం 1.5, పైన 1.65. అంతకు మించి వద్దు. స్కైలేక్‌లో మాత్రం పైన చెప్పినట్టు 1.35.

డీడీఆర్4: ప్రామాణికం 1.2. మార్కెట్లో దొరికే వేగమైన కిట్లు ఎక్కువగా 1.35 మీద నడుస్తాయి. డీడీఆర్4 ప్రమాణంలో 1.5 వోల్టులను, ఒక్క క్షణమైనా దాటకూడని గరిష్ఠ హద్దుగా రాశారు. శామ్‌సంగ్ బీ-డై అనే రకం చిప్పులున్న కొన్ని కిట్లు 1.5 మీదే నడిచేలా అమ్ముతారు, నిజమే. అవి ఏరి తీసిన చిప్పులు, పైన మంచి హీట్‌సింక్ ఉంటుంది. వాటిని చూసి మామూలు కిట్‌కి అంతే ఇవ్వకండి. రోజువారీ వాడకానికి 1.40 దగ్గర ఆగితే నాకు నిద్ర పడుతుంది. 1.45కి వెళ్లాలంటే స్టిక్కుల మీద గాలి తగిలేలా ఫ్యాన్ ఉండాలి.

డీడీఆర్5: ప్రామాణికం 1.1. వేగమైన కిట్లు ఎక్కువగా 1.25 నుంచి 1.40 దాకా వస్తాయి. స్టిక్ మీది పవర్ చిప్ లాక్ చేసి ఉంటే 1.435 దాటనివ్వదు. ఆ లాక్ తీసే ఆప్షన్ బయోస్‌లో కనిపించినా అలాగే వదిలేయండి.

ఇంకో మాట. అన్ని చిప్పులూ వోల్టేజీకి ఒకేలా స్పందించవు. బీ-డైకి వోల్టేజీ పెంచితే టైమింగ్స్ (ఒక్కో పనికి ర్యామ్ ఎన్ని క్లాక్ సైకిళ్లు ఆగాలో చెప్పే అంకెలు) బిగించవచ్చు, అంటే తగ్గించవచ్చు. కొన్ని మైక్రాన్ చిప్పుల్లో టీఆర్‌సీడీ అనే టైమింగ్ మీరెంత వోల్టేజీ ఇచ్చినా ఒక్క మెట్టు కూడా దిగదు. మీ స్టిక్‌లో ఏ కంపెనీ చిప్పు ఉందో సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్పీడీ ట్యాబ్‌లో చాలావరకు తెలుస్తుంది.

5. లాభం ఎంతో లెక్క వేసుకోండి

పవర్ సుమారుగా వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. 1.20ని 1.35 చేస్తే వోల్టేజీ 12.5 శాతమే పెరిగినట్టు కనిపిస్తుంది, పవర్ మాత్రం దాదాపు 27 శాతం పెరుగుతుంది. అక్కడి నుంచి 1.50కి వెళ్తే దాని మీద ఇంకో 23 శాతం.

ఇటువైపు లాభం చూద్దాం. 3200 వేగం, సీఎల్16 అంటే సీఏఎస్ లేటెన్సీ (అడిగిన డేటా రావడానికి పట్టే సమయం) సరిగ్గా 10 నానోసెకన్లు. 3600 సీఎల్18 అన్నా 10 నానోసెకన్లే. 3600 సీఎల్16 అయితే 8.9. ఆ ఒక్క నానోసెకను కోసం ఎంత వోల్టేజీ ఇస్తున్నారో రెండూ పక్కపక్కన రాసి చూడండి. గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్కువ ఆధారపడే గేమ్‌లో ఆ తేడా మీ కంటికి కనబడదు.

6. పెంచాలని నిర్ణయించుకుంటే

ఒకసారికి 0.01 లేదా 0.02 వోల్ట్ మాత్రమే. ఒకసారికి ఒక్క అంకె మాత్రమే. ప్రాసెసర్ కోర్ ఓవర్‌క్లాక్ అంతకుముందే ఉంటే దాన్ని డిఫాల్ట్‌కు తెచ్చి, ర్యామ్ పని పూర్తయ్యాక మళ్లీ పెట్టుకోండి. లేకపోతే క్రాష్ వచ్చినప్పుడు దేనివల్లో తేల్చుకోలేక వారం తలపట్టుకుంటారు. డీడీఆర్5లో సెట్టింగ్ మార్చిన తర్వాత మొదటి బూట్‌కి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. నల్ల స్క్రీన్ చూసి టెన్షన్ పడి పవర్ తీసేయకండి. అది ట్రైనింగ్ చేసుకుంటోంది, అంటే ర్యామ్‌తో సిగ్నళ్లను సరిచూసుకుంటోంది.

7. టెస్టు ఎప్పుడు చేస్తున్నారన్నదీ ముఖ్యమే

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. డబ్బా మీద 1.35 అని రాసున్న డీడీఆర్4 కిట్‌ని 1.46 ఇచ్చి సీఎల్16 నుంచి 14కి దించాను. జనవరి నెల, రాత్రి, కిటికీ తెరిచి ఉంది. టెస్టు నాలుగు గంటలు నడిచింది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అంతా బాగుందని వదిలేశాను. మే నెలలో నాన్నగారి షష్టిపూర్తి జరిగింది. మర్నాడు మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, కెమెరా కార్డులోంచి ఫోటోలన్నీ సిస్టమ్‌లోకి కాపీ చేసి, కార్డు ఫార్మాట్ చేసి ఇచ్చేశాను. సాయంత్రం తెరిచి చూస్తే కొన్ని ఫోటోల్లో పై సగం బాగానే ఉంది. అమ్మానాన్నలు దండలు మార్చుకుంటున్నారు. నడుము కిందినుంచి బూడిదరంగు గీతలు. సిస్టమ్ క్రాష్ కాలేదు, బ్లూ స్క్రీన్ రాలేదు. ర్యామ్ ఉష్ణోగ్రత చూస్తే 58 డిగ్రీలు. అదే టెస్టు మళ్లీ పెడితే పదకొండో నిమిషంలో ఎర్రర్. వోల్టేజీ 1.38కి, టైమింగ్స్ పాత చోటికి తెచ్చాక ఎర్రర్లు ఆగిపోయాయి. ఆ ఫోటోలు మాత్రం తిరిగి రాలేదు.

దీనికి కారణం తెలిసిందే. ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో ఛార్జ్‌గా ఉంటుంది. అది కారిపోతుంటుంది కాబట్టి డీడీఆర్4లో అయితే 64 మిల్లీసెకన్లలోపు మళ్లీ నింపుతుంటారు. వేడి పెరిగేకొద్దీ ఆ కారడం వేగమవుతుంది. 85 డిగ్రీలు దాటితే ప్రమాణం ప్రకారమే రెట్టింపు వేగంతో నింపాలి. టైమింగ్స్ బిగించిన బీ-డై 50 డిగ్రీల దగ్గరే తడబడటం ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతి. వోల్టేజీ పెంచితే వేడి పెరుగుతుంది, పైన మన ఎండాకాలం ఉండనే ఉంది.

అందుకని టెస్టు ఇలా చేయండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ టెస్టు నాలుగు పాస్‌లు. ఇది విండోస్ బయట నడుస్తుంది కాబట్టి, ఎర్రర్లున్నా మీ ఫైళ్లు పాడవవు. అది దాటాక విండోస్‌లో టెస్ట్‌మెమ్5, తర్వాత ప్రైమ్95లో బ్లెండ్. ఈ చివరిది ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ కలిపి వేడెక్కిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా స్టిక్కుల మీదికే వస్తుంది కాబట్టి ఒక గంట బరువైన గేమ్ ఆడి, వెంటనే టెస్టు పెట్టండి. మధ్యాహ్నం, ఏసీ ఆపి చేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ ఫెయిల్. "ఒక్కటే కదా" అనకండి, నా ఫోటోలకు అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది. టెస్టులు జరిగే రోజుల్లో ముఖ్యమైన డేటా ఉన్న డ్రైవ్ కేబుల్ తీసేయండి, లేదా బ్యాకప్ వేరే చోట ఉంచండి. డీడీఆర్5 చిప్పుల్లో ఎర్రర్ సరిదిద్దే ఏర్పాటు ఉందని ధీమా పడకండి. అది చిప్పు లోపలి తప్పుల్నే దిద్దుతుంది, దారిలో జరిగే తప్పుల్ని కాదు.

8. ఎర్రర్ వస్తే వోల్టేజీ చివరి మందు

ఎర్రర్ రాగానే చెయ్యి వోల్టేజీ మీదికి పోతుంది. ఆపుకోండి. మొదట స్టిక్కులు తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి. రెండే ఉంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ఉన్నాయో లేదో చూడండి. తర్వాత టైమింగ్స్ ఒక మెట్టు వదులు చేయండి, టీఆర్ఎఫ్‌సీ (ఛార్జ్ మళ్లీ నింపడానికి ఇచ్చే సమయం) కూడా. ఆ తర్వాత వేగం ఒక మెట్టు తగ్గించండి. ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు 0.01.

నాలుగు స్టిక్కులు పెట్టినవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. రైజెన్ 7000కి ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులకు 5200, నాలుగింటికి 3600. నాలుగు పెడితే కంట్రోలర్ మీద పడే బరువు అంత పెరుగుతుంది. ఆ బరువును వోల్టేజీతో ఎత్తాలని చూడటమే ప్రాసెసర్‌ను అరగదీయడం. ముప్పైరెండు జీబీ కావాలంటే ఎనిమిది జీబీలవి నాలుగు కాకుండా పదహారువి రెండు, ఒకే కిట్‌గా కొనండి.

9. ప్రాసెసర్ అప్పటికే దెబ్బతిన్నదా?

కొన్ని గుర్తులు ఉన్నాయి. ఏడాదిగా నడిచిన ప్రొఫైల్ ఇప్పుడు ఎర్రర్లిస్తుంది. అదే వేగానికి ఇదివరకటి కంటే ఎక్కువ కంట్రోలర్ వోల్టేజీ అడుగుతుంది. చల్లటి ఉదయం మొదటిసారి ఆన్ చేస్తే రెండుమూడుసార్లు తనే రీస్టార్ట్ అవుతుంది. పదహారు జీబీ ఉంటే ఎనిమిదే చూపిస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల్ని నమోదు చేసేది) హెచ్చరికలు వరుసగా కనిపిస్తాయి.

తప్పు స్టిక్‌దా, ప్రాసెసర్‌దా, బోర్డుదా తేల్చుకోవడానికి ఓపికగా ఇలా చేయండి. బయోస్ డిఫాల్ట్స్‌కి తెచ్చి ఒక్క స్టిక్‌తో మెమ్‌టెస్ట్ నడపండి. పాస్ అయితే అదే స్టిక్‌ని మిగతా స్లాట్లలో ఒక్కోదాంట్లో మార్చి చూడండి. ఏ స్లాట్లో పెట్టినా ఒకే స్టిక్ ఫెయిలవుతుంటే తప్పు స్టిక్‌ది. ఏ స్టిక్ పెట్టినా ఒకే ఛానల్ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు దారుల్లో ఒకటి) ఫెయిలవుతుంటే తప్పు ప్రాసెసర్‌లోనో బోర్డులోనో ఉంది. అప్పుడు ప్రాసెసర్ తీసి సాకెట్‌లో పిన్ను వంగిందేమో టార్చి వెలుగులో చూడండి. కూలర్‌ను ఒకవైపే ఎక్కువ బిగించినా ఒక ఛానల్ పోవచ్చు, నాలుగు స్క్రూలూ సమానంగా బిగించి ఇంకోసారి చూడండి. ఇవన్నీ బాగుండి, ఆ ఛానల్ డిఫాల్ట్ వేగం మీద కూడా ఫెయిలవుతుంటే, ఆ ప్రాసెసర్‌ను వేరే బోర్డులో పెట్టి చూడటమే మిగిలింది. అక్కడా అదే ఛానల్ పోతే కంట్రోలర్ దెబ్బతిన్నట్టే. వారంటీకి వెళ్లేటప్పుడు ఏ వోల్టేజీలు వాడారో దాచకుండా చెప్పండి. ఎక్స్‌ఎమ్‌పీ, ఎక్స్‌పో రెండూ ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తాయని కంపెనీల షరతుల్లో ఉంటుంది.

డిఫాల్ట్ వేగం మీద ఎర్రర్ లేకుండా నడుస్తుంటే మాత్రం దాన్ని పారేయనక్కర్లేదు. ప్రొఫైల్ ఆఫ్ చేసి, కంట్రోలర్ వోల్టేజీ డిఫాల్ట్‌లో పెట్టి, చదువుకునే పిల్లలకో ఆఫీసు పనికో ఇవ్వండి. అమ్మేట్టయితే కొనేవాళ్లకు ఆ సంగతి చెప్పి అమ్మండి. డోరు లోపల అంటించిన కాగితం కూడా అలాగే ఉంచి ఇవ్వండి.